ఏడో మలుపు మీద తడి

గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతున్న పద్దెనిమిది రేసు కార్లను నేను ఒకసారి ఒంటిచేత్తో ఆపాను. రెండో చెయ్యి జేబులోనే ఉంది. నవ్వేవాళ్ళు నవ్వండి. ఊరి బడిలో ఐదో తరగతి దాటనివాడికి అంత పని ఎవరు అప్పగించారని అడిగేవాళ్ళు అడగండి. చెబుతాను, నాకేం తొందర లేదు.

ముందు మా ట్రాక్ సంగతి. నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ, పన్నెండు మలుపులు. దేశంలో ఇంకో రెండు ట్రాకులు లేకపోలేదు. ఒకటి విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే. రెండోదాని గోడలు చాలవని తనిఖీవాళ్ళు తాళం వేశారు. అంచేత జాతీయ పోటీల్లో ఆఖరి పందెం మా దగ్గరే, రేసు లైసెన్సు పరీక్ష మా దగ్గరే, పిల్లలకు తర్ఫీదూ మా దగ్గరే. ఈ దేశంలో ఎవడు రేసు కారు నడపాలన్నా ముందు మా తారు మీద చక్రం పెట్టి తీరాలి. ఆ తారు వేసేటప్పుడు ఏ కంకర కలపాలో తేల్చడానికి పరాయి దేశం నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, రాళ్ళను ఒక్కొక్కటే నాలుక మీద పెట్టుకుని చూశాడు. పుల్లగా ఉన్నవి పక్కన పారేశాడు. అప్పుడు నేను అక్కడ టైర్లు మోసే కూలీని. నా కళ్ళతో చూశాను.

తర్వాత మార్షల్‌నయ్యాను. మలుపు మలుపుకీ ఒక పోస్టు ఉంటుంది. పోస్టంటే రేకుల నీడ, ముందు నడుమెత్తు గోడ, గోడకు ఇవతల మేం. మాది ఏడో మలుపు. పోస్టు పెద్దను నేను, చేతిలో రేడియో. జెండాలు ఊపేవాడు టైలరు. ఆ జెండాలన్నీ అతను కుట్టినవే, గాలికి చిరక్కుండా అంచు రెండు మడతలు వేసి మరీ. పసుపు ఊపితే జాగ్రత్త, ముందు బండిని దాటకూడదు. పసుపూ ఎరుపూ చారల జెండా చూపిస్తే రోడ్డు జారుతుందని. ఎరుపు ఊపితే అందరూ ఆగాల్సిందే, పందెం అక్కడితో సరి.

మార్షల్‌కి చేతిలో జెండా తప్ప ఏమీ ఉండదు. కారు గోడకు కొట్టుకుంటున్నా చెప్పేదాకా గోడ దాటకూడదు. ఫోను ఉండకూడదు. కార్లకు వీపు తిప్పకూడదు. అన్నిటికన్నా కష్టం ఇంకోటుంది, చప్పట్లు కొట్టకూడదు. ఎవరు గెలిచినా మన మొహం గోడ మీద సున్నంలా ఉండాలి.

మా అందరి మీదా అధికారి టవర్లో కూర్చునే ఆవిడ. ఎర్ర దీపాలు వెలిగించే బొత్తం ఆవిడ వేలికిందే ఉంటుంది. మేం ఆవిడను టవరమ్మ అంటాం, ఆవిడ వినకుండా. ఆవిడ నేర్పిన పాఠం ఒక్కటే. "చూసింది చెప్పు. చూసిన వెంటనే చెప్పు. ఆలోచించడం నా పని, నీది కాదు."

ఆలోచన లేని ఉద్యోగం నాకంటే బాగా ఎవరు చేస్తారు? పంతొమ్మిదేళ్ళు చేశాను.

ఇంక మా మేనకోడలు. మా చెల్లెలి కూతురు. దాని తండ్రి, అంటే మా బావ, లారీలు బాగుచేసే మెకానిక్కు. గడ్డి కోసే మిషను ఇంజను ఊడదీసి, దానికి తొమ్మిదేళ్ళప్పుడు ఒక చిన్న బండి కట్టి ఇచ్చాడు. మొదటి రోజునే అది వీధికుక్కను దాటింది. కుక్క అలిగి ఆ వీధి వదిలిపెట్టి పోయింది. అప్పట్నుంచి తండ్రీకూతుళ్ళకు వేరే లోకం లేదు. చిన్న తరగతి కార్ల జాతీయ పోటీలో ఆ ఏడు ఆఖరి పందెం నాటికి అదీ, నీలం కారు కుర్రాడూ పాయింట్లలో సరిసమానం. ఇద్దరిలో ఆ రోజు ఎవరు ముందుంటే జాతీయ పతకం వాళ్ళది. పతకం వచ్చినవాళ్ళకి మరుసటేడు పెద్ద కారు ఇస్తారు. మా బావ ఎన్ని లారీలు విప్పినా కట్టలేని కారు అది. పైగా ఆ తరగతిలో ఇరవై మూడు నిండినవాళ్ళు సరదాకి నడపొచ్చు గానీ, పతకం లెక్కలో ఉండరు. మా పిల్లకి ఇంకో రెండు నెలల్లో నిండుతాయి. అంటే ఆ రోజు కాకపోతే మరి లేదు.

నీలం కారు కుర్రాడు మంచివాడు. కనబడితే వంగి నమస్కారం పెడతాడు. అదే నా బాధ, తిట్టుకుందామన్నా నోరు రాదు.

పొద్దున్నే టవరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"అమ్మా, మా మేనకోడలు నడుపుతోంది. ఇవాళ్టికి నన్ను ఇంకెక్కడైనా పెట్టండి."

"ఎక్కడ పెట్టను పెద్దాయనా? ఏ మలుపులో పెట్టినా ఆ అమ్మాయి అక్కణ్ణుంచే పోవాలి కదా."

దానికి జవాబు మీ దగ్గరుంటే చెప్పండి.

పందేనికి ముందు డ్రైవర్లందరూ ట్రాక్ చుట్టూ కాలినడకన ఒకసారి తిరుగుతారు. మా పిల్ల ఏడో మలుపు దగ్గర ఆగి, మోకాలి మీద కూర్చుని తారును అరచేత్తో నిమిరింది.

"మామయ్యా, ఇక్కడ నిన్నటికన్నా నున్నగా ఉంది."

"నిన్న నేను నడిచాను కదే. నా పాదాల సౌకుమార్యం అంటుకుంది."

"అంత సౌకుమార్యం ఉంటే అత్తయ్య నిన్ను రెండో గదిలో ఎందుకు పడుకోబెడుతుందీ?"

"గురక వేరు, పాదాలు వేరు."

అది నవ్వి, లేచి, మలుపు లోపలి అంచు చూపించింది. "ఇక్కడే దాటేస్తాను వాణ్ణి. చూస్తూ ఉండు. చప్పట్లు కొట్టాలి మరి."

"కొడితే నన్ను ఇంటికి పంపేస్తారు."

"అయితే లోపల కొట్టుకో."

మొత్తం పదిహేను చుట్లు. చుట్టుకి నూటఐదు సెకన్లు. అందులో నాకు అది కనబడేది ఆరు సెకన్లు. మిగతా తొంభై తొమ్మిదీ చెవులే. దాని ఇంజను చప్పుడు నాకు తెలుసు, మా బావ దగ్గులా ఉంటుంది, ముందు గరగర, తర్వాత సాఫు. ఆ చప్పుడు దూరంగా పోవడం, సన్నబడటం, మళ్ళీ పెరగడం. నీలం కారు, దాని వెనకే మా పిల్ల ఎర్రకారు. మళ్ళీ నీలం, ఎర్ర. పదమూడు చుట్లు అదే వరస. నేను చెయ్యగలిగిందల్లా గోడ అంచు గట్టిగా పట్టుకోవడం. ఆ గోడ మీద నా వేళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి, కాంక్రీటులో దిగిపోయి.

పద్నాలుగో చుట్టు. నీలం కారు మలుపులోకి ఒక వెంట్రుకవాసి వెడల్పుగా వచ్చింది. మా పిల్ల ఆ వెంట్రుకలోంచి దూరింది. రెండు కార్లు పక్కపక్కనే, అద్దానికి అద్దం తగిలేంత దగ్గరగా వంపు తిరిగాయి. బయటికొచ్చేసరికి ఎర్రది ముందు.

టైలరు గొణిగాడు. "దాటేసిందండీ!"

"చూశాను. రోడ్డు మీద చూపు పెట్టు."

"మీ కళ్ళల్లో నీళ్ళేమిటండీ?"

"దుమ్ము."

"దుమ్మెక్కడిదండీ, పొద్దున మనమే కదా కడిగాం."

లోపల కొట్టుకున్నాను. చాలాసేపు కొట్టుకున్నాను. నిజానికి ఇరవై సెకన్లు.

ఇరవయ్యో సెకనులో పళ్ళ డాక్టరు వచ్చాడు. ఆయన ఎప్పుడూ ఆఖరే. పళ్ళు పీకడంలో ఉన్న వేగం పాపం నడపడంలో లేదు. అందరూ ఆయన్ని ఒక చుట్టు దాటేసి పోతుంటారు, ఆయన ఉల్లాసంగా చెయ్యి ఊపుతుంటాడు. ఆ రోజూ ఊపాడు. ఆయన బండి మలుపు తిరిగి వెళ్ళాక తారు మీద జానెడు వెడల్పున నల్లగా మెరిసే చార మిగిలింది. ఎక్కడో అంచున కాదు, అందరి చక్రాలూ వెళ్ళే గీత మీదే. ఆయన వెనక పది సెకన్ల దూరంలో ఆరు కార్లు గుంపుగా వస్తున్నాయి, మూడో స్థానం కోసం కొట్టుకుంటూ.

నీళ్ళయితే చారల జెండా చాలు. మా ట్రాక్‌లో రేడియేటర్లలో ఉత్త నీళ్ళు తప్ప ఇంకేమీ పొయ్యనివ్వరు, ఎండకు ఐదు నిమిషాల్లో ఆరిపోతాయి. నూనె అయితే ఆరదు. నూనె మీద చక్రం పడితే ఆ తర్వాత స్టీరింగు అలంకారానికే.

రేడియో నొక్కాను. "టవర్, ఏడో పోస్టు. నూనె. గీత మీద. యాభై గజాలు."

చూసిన వెంటనే చెప్పాను. అంతే. ట్రాక్ చుట్టూ ఎర్రదీపాలు వెలిగాయి. టైలరు ఎర్రజెండా ఎత్తాడు.

ఇప్పుడు ఆ ఒంటిచెయ్యి సంగతి ఒప్పేసుకుంటాను, దాచుకుని ఏం చేస్తాను. ఆ చెయ్యి టైలరుది. ఆపింది అదీ కాదు, టవరమ్మ వేలు. నా చేతులు రెండూ రేడియో మీదే ఉన్నాయి. జేబులో ఉన్నది నా కళ్ళజోడు, అది కూడా పేపరు చదవడానికి పెట్టుకునేది. పద్దెనిమిది కార్లను ఆపడంలో నా వంతు ఒకే ఒక్క మాట. కానీ "ఒంటిమాటతో ఆపాను" అంటే మీరు ఇంతదాకా చదివేవారా?

ఆరు కార్లూ దీపాలు చూసి వేగం తగ్గించుకుని, చారకు పక్కగా మెల్లగా పోయాయి. ఒక్కరికీ ఏమీ కాలేదు.

రేడియోలో టవరమ్మ గొంతు. "అన్ని పోస్టులకీ. ముప్పాతిక పందెం దాటింది కాబట్టి మళ్ళీ మొదలుపెట్టం. నిబంధన ప్రకారం, ఆపిన చుట్టుకు ముందు చుట్టు ఎలా ముగిసిందో అదే ఫలితం. పదమూడో చుట్టు లెక్క."

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. పదమూడో చుట్టు. నీలం, ఎర్ర.

దీపాలు వెలిగినప్పుడు మా పిల్ల పన్నెండో మలుపులో ఉంది. ముగింపు గీతకు పదకొండు సెకన్ల దూరం. దీపాలు వెలిగేలోపు ఆ గీత దాటి ఉంటే పద్నాలుగో చుట్టు లెక్కలోకొచ్చేది. ఆ తర్వాత ఎర్రదీపం కాదు గదా పిడుగు పడినా పతకం దానిదే. దీపం చూసి అది యాక్సిలరేటరు మీంచి పాదం తీసేసింది. తియ్యాలి మరి.

కార్లన్నీ మెకానిక్కులుండే పిట్ సందులోకి వెళ్ళి ఆగాక గోడ దాటమన్నారు. నేను పరుగెత్తాను. అరవై నాలుగేళ్ళకి అదీ పరుగే. మోకాళ్ళ మీద పడి చార మీద వేలు పెట్టాను. జిడ్డు. ఎండలో చూస్తే ఏడురంగులూ మెరిశాయి, నెమలి పురి విప్పినట్టు. టైలరు గుడ్డ తెచ్చి తుడిచాడు. సిమెంటు పొడి చల్లే బండి వచ్చి, నేను చూపించినంత మేరా తెల్లగా పొడి చల్లి వెళ్ళింది.

తీర్పు గది టవర్ కింద ఉంటుంది. బల్ల, నాలుగు కుర్చీలు, గోడగడియారం, గడియారం కింద నిబంధనల పుస్తకం గొలుసుతో కట్టేసి. ముగ్గురు తీర్పరులు. మా బావ బల్ల ముందు నిలబడి ఉన్నాడు, చేతులకు గ్రీజు కూడా తుడుచుకోలేదు. పందెం ఆపడం తప్పని ఫిర్యాదు రాసిచ్చాడు, కాగితం మీద వేలిముద్రలే ఎక్కువ. మా పిల్ల గుమ్మం దగ్గర హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడింది. లోపలికి రాలేదు.

నన్ను చూడగానే మా బావ తిరిగాడు.

"ఒక్క దగ్గు దగ్గలేకపోయావురా బామ్మర్దీ!"

నేను రేడియో తీసి బల్ల మీద పెట్టాను.

"పదకొండు సెకన్లు. నీ జన్మలో ఒక్క వాక్యం అడ్డదారి పట్టకుండా చెప్పావా? టైమెంతయిందిరా అంటే గడియారం కనిపెట్టినవాడి తాతతో మొదలెడతావే! మా పెళ్ళిచూపుల్లో నీ కథ అయ్యేసరికి పెళ్ళికూతురు నిద్రపోయింది. ఇవాళే వచ్చిందా నీకు టక్కున చెప్పడం?"

"బావా, వెనకాల ఆరు కార్లు..."

"నాకు తెలుసు!" అని అరిచాడు. తర్వాత మెల్లగా, "నాకు తెలుసురా" అన్నాడు. అరుపే నయం.

పెద్ద తీర్పరి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు. "చూడు నాయనా. అది నూనె కావచ్చు, నీళ్ళు కావచ్చు, ఈ పెద్దాయన కలే కని ఉండొచ్చు. ఎర్రదీపం వెలిగింది. వెలిగాక తప్పో ఒప్పో మేం చూడం, చూసే అధికారం ఈ పుస్తకం మాకివ్వలేదు. ముందు చుట్టే లెక్క. నేను మార్చలేను. టవర్లో ఆవిడా మార్చలేదు."

"మరెవరు మారుస్తారండీ?" అన్నాడు మా బావ.

ఆయన గోడవైపు చూశాడు, అక్కడెవరైనా ఉన్నారేమోనన్నట్టు. గడియారం ఉంది, పుస్తకం ఉంది.

అది నూనో నీళ్ళో తేల్చడానికి పళ్ళ డాక్టరు బండిని ఎవరూ విప్పి చూడలేదు. తేలినా ఒరిగేదేమీ లేనప్పుడు ఎవరు చూస్తారు? పైగా ఆ బండి అడుగున అన్నీ కారుతూనే ఉంటాయి.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి వినబడింది. "మామయ్యా."

"ఏమే."

"నూనేనా?"

గదిలో అందరూ నావైపు తిరిగారు. అది అడిగింది కాగితం కోసం కాదు, తీర్పు కోసం కాదు. అవి అయిపోయాయి. నా జవాబు దానికి మాత్రం కావాలి. దాని మొహం హెల్మెట్ ఒత్తిడికి చారలు పడి ఉంది. ఏడవలేదు. ఏడవాలో వద్దో నేను చెప్పే మాటను బట్టి ఉందన్నట్టు నిలబడింది.

"నూనేనే. వేలు పెట్టి చూశాను. ఏడురంగులూ కనబడ్డాయి."

"గీత మీదే?"

"గీత మీదే."

"అయితే ఆ ఆరుగురూ..."

"గోడలో ఉండేవాళ్ళు."

అది కాసేపు తలుపు చెక్క మీద గోటితో గీసింది. "సరే అయితే" అంది. హెల్మెట్ ఇంకో చంకలోకి మార్చుకుని, "మొత్తానికి పళ్ళ డాక్టరు నా పతకం పీకేశాడు. మత్తుమందు కూడా ఇవ్వలేదు" అంది.

మా బావ నవ్వబోయి కుర్చీలో కూలబడ్డాడు. గ్రీజు చేతులతోనే మొహం కప్పుకున్నాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. తోసెయ్యలేదు. తోసేస్తే బాగుండేది.

రెండు నెలలకు దానికి ఇరవై మూడు నిండాయి. పెద్ద కారు నీలం కారు కుర్రాడికి వెళ్ళింది. వాడు వచ్చి మా బావ కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళాడు. అప్పుడు కూడా తిట్టడానికి వీలివ్వలేదు, దుర్మార్గుడు. మా బావ ఇప్పుడు వేరేవాళ్ళ పిల్లలకు బండ్లు కట్టిపెడుతున్నాడు. నాతో మాట్లాడతాడు. నేను ఏదైనా చెప్పడం మొదలుపెడితే, "నువ్వు మెల్లగా చెప్పరా, తొందరేం లేదు" అంటాడు. అది వెక్కిరింతో, ఓదార్పో, ఆరేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

మా పిల్ల మా ట్రాక్‌లోనే లైసెన్సు పరీక్షకొచ్చేవాళ్ళకి పాఠం చెబుతోంది. దేశంలో రేసు నడిపే కొత్తవాళ్ళందరూ దాని చేతికిందనుంచే పోవాలి. కొత్త గుంపు వచ్చినప్పుడల్లా వాళ్ళను ఏడో మలుపుకు నడిపించుకొస్తుంది. నేను గోడ ఇవతలే ఉంటాను.

"ఇక్కడ ఎర్రజెండా కనబడితే పాదం తీసెయ్యండి," అంటుంది. "గెలుస్తున్నా సరే, ముగింపు గీతకు గజం దూరంలో ఉన్నా సరే. నేను తీశాను. ఆ రోజు ఇక్కడ నూనె పడింది. ఆరుగురు బతికారు. కావాలంటే మా మామయ్యనడగండి."

వాళ్ళు నావైపు చూస్తారు. నేను తల ఊపుతాను.

ఈ కథలో నేను కల్పించింది ఏదని అడుగుతారు, నాకు తెలుసు. కంకర రాళ్ళు నాకిన పెద్దమనిషి అని మీ అనుమానం. కాదు, అతను నిజం. కుక్క అలగడమూ నిజమే. గోడ మీద నా వేళ్ళ గుర్తులు వచ్చి చూసుకోండి, కాస్త వెతకాలి.

నేను కల్పించింది ఆ ఏడురంగులు.

వేలు ఎండలో పెట్టి చూశాను, ఒక్క రంగూ లేదు. వాసన చూశాను, లేదు. ఆ పరాయి దేశపు పెద్దమనిషి గుర్తొచ్చి నాలుక మీద పెట్టుకున్నాను. నీళ్ళు. మా ఇంటి కుండలో ఉండే నీళ్ళు. టైలరు పక్కనే నిలబడి నా మొహం చూశాడు. గుడ్డ తీసి, తుడవడానికేమీ లేని రోడ్డును తుడిచాడు. ఆరేళ్ళుగా నోరు కుట్టేసుకున్నాడు, రెండు మడతలు వేసి. టవరమ్మ లెక్క అప్పటికే రేడియోలో తేల్చేసింది, తీర్పరులూ అది మారదన్నారు. నీళ్ళని చెబితే ఆ పిల్లకి పతకమూ పోయింది, పోయినందుకు కారణమూ పోతుంది. నా దగ్గర ఇవ్వడానికి ఇంకేముంది?

సిమెంటు బండివాడు వచ్చేసరికి ఆ చార కూడా ఆరిపోయింది. వాడు బండి దిగి అటూ ఇటూ చూశాడు.

"ఎక్కడ చల్లాలి పెద్దాయనా? రోడ్డంతా పొడిగానే ఉందిగా."

"ఇదిగో, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా," అని చూపించాను. "యాభై గజాలు."